క్రిమి ఇంటిపేరు

మెనింగోకాకస్ అనే క్రిమి మనుషుల ముక్కు వెనక, గొంతు పైభాగంలో కాపురం ఉంటుంది. ఆరోగ్యంగా తిరిగేవాళ్లలోనే పదింట ఒకరి దగ్గర అది ఉండవచ్చు. కొన్నాళ్లుండి పోతుంది, వచ్చిందీ పోయిందీ వాళ్లకు తెలియదు. అదే క్రిమి మరొకరి నెత్తుట్లోకి దిగి మెదడును చుట్టిన పొరలను చేరిందా, పొద్దున తలనొప్పి అన్న పిల్లవాడు రాత్రికి మనుషులను గుర్తుపట్టని స్థితికి వెళ్లవచ్చు. ఈ తేడాలో కొంత మనిషిది: వయసు, పుట్టుకతో వచ్చిన రక్షణ లోపం, ప్లీహం తీసేయించుకుని ఉండటం వంటివి. మరికొంత అచ్చంగా క్రిమిది. ఒకే పేరున్న పదిమందిలో మనకు కావలసిన మనిషెవరో ఇంటిపేరు అడిగితేగానీ తేలనట్టు, మెదడు పొరల జబ్బు మెనింజైటిస్‌లోనూ క్రిమి పేరొక్కటే తెలిస్తే సగమే తెలిసినట్టు.

ఈ మిగతా సగం వెతుకులాట ఎంత దూరం తీసుకుపోయిందో చెప్పుకోవాలంటే ఫ్రెడరిక్ గ్రిఫిత్ దగ్గరికి వెళ్లాలి. న్యుమోనియాకూ మెనింజైటిస్‌కూ కారణమయ్యే న్యూమోకాకస్ మీద లండన్‌లో పనిచేసిన వైద్యాధికారి ఆయన. ఆ క్రిమిని గాజు పళ్లెంలో పెంచితే కొన్ని రకాలు తడిగా, తళతళలాడే నున్నటి చుక్కలుగా ఎదుగుతాయి. కొన్ని గరుకుగా, మెరుపు లేకుండా ఉంటాయి. నున్నటివి ఎక్కిస్తే ఎలుకలు చచ్చేవి, గరుకువి ఎక్కిస్తే బతికేవి. వేడిచేసి చంపిన నున్నటివాటిని బతికున్న గరుకువాటితో కలిపి ఎక్కిస్తే ఎలుకలు చచ్చాయి, పైగా వాటి నెత్తుట్లో నున్నటి క్రిములు ప్రాణాలతో దొరికాయి! చచ్చినదాని నుంచి బతికున్నదానికి ఏదో అందింది. 1928లో ఆయన ప్రకటించిన ఆ ‘ఏదో’ డీఎన్‌ఏ అని 1944లో న్యూయార్క్‌లో ఎవరీ, మెక్లియాడ్, మెకార్టీ తేల్చారు. అది చూడటానికి గ్రిఫిత్ లేడు. 1941లో లండన్ మీద కురిసిన జర్మన్ బాంబులకు బలైపోయాడు. జీవశాస్త్రం చదివిన పిల్లలందరికీ ఈ ప్రయోగం తెలుసు. రోగుల కఫంలో కనిపించే క్రిమి ఎన్ని రకాలో పట్టుకోవాలన్న ఓపికైన పనిలోంచి అది పుట్టిందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. గుర్తుండాలి.

ఆ నున్నదనం క్రిమి ఒంటిమీది చక్కెర తొడుగుది. మన తెల్లకణాలకు పట్టు చిక్కనివ్వదు. తొడుగును బట్టి న్యూమోకాకస్‌లో వందకు పైగా రకాలున్నాయి. మెనింగోకాకస్‌లో 12 వర్గాలుంటే, ఎ, బి, సి, డబ్ల్యూ, ఎక్స్, వై అనే ఆరే దాదాపు జబ్బంతా తెస్తాయి. వీటిలో బి వర్గం తొడుగు కడుపులో బిడ్డ మెదడు కణాల మీద ఉండే చక్కెరలాంటిదే. అందుకే శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించదు, టీకా తయారీకీ అదే పెద్ద అడ్డంకి అయింది. అందరి పేగుల్లోనూ ఉండే ఇ.కొలైలో కె1 అనే రకానికీ ఆ తొడుగే ఉంది. నెల నిండని పసికందుల్లో మెనింజైటిస్ తెచ్చే ఇ.కొలైలో ఎక్కువ భాగం అదే.

తొడుగు ఒక్కటే కాదు. మెనింగోకాకస్ పైపొరలో ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది. దాని అణువుకు మామూలుగా ఆరు కొవ్వు గొలుసులు. మన కణాలు వాటిని పసిగట్టి ఒళ్లంతా అలజడి లేపుతాయి. రక్తనాళాలు కారడం, రక్తం గడ్డకట్టే తీరు చెడటం, చర్మం మీద ఊదారంగు మచ్చలు తేలడం చాలావరకు ఈ అలజడి వల్లనే. నెదర్లాండ్స్ పరిశోధకులు రోగుల నుంచి తీసిన మెనింగోకాకస్‌లను పరిశీలించి 2009లో ఒక ముచ్చట బయటపెట్టారు. కొన్నింటిలో ఒక జన్యువు చెడి, ఆరు గొలుసులకు బదులు అయిదే ఉన్నాయి. అవి సోకినవాళ్లలో రక్తం గడ్డకట్టే వ్యవస్థ అంతగా దెబ్బతినలేదు. జబ్బు పేరు అదే, క్రిమి పేరూ అదే. మంచం మీదున్న మనిషి ఎంత ప్రమాదంలో ఉన్నాడన్నది మాత్రం ఒక కొవ్వు గొలుసు దగ్గర మారింది. ఇంత చిన్న తేడాను వెతికి పట్టుకున్నవాళ్లకు నమస్కరించాలనిపిస్తుంది.

రకం తెలిస్తే ఏం చేయవచ్చో ఆఫ్రికా చూపించింది. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఉన్న దేశాల వరుసలో ఎండాకాలపు దుమ్ముగాలులతో పాటే మెనింజైటిస్ వచ్చేది. 1996-97లో రెండున్నర లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు, 25 వేల మంది పోయారు. ఆ మహమ్మారుల్లో అత్యధికం ఎ వర్గానివే. ఆ ఒక్కదానికే గురిపెట్టి పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ అర డాలరు కన్నా తక్కువకు టీకా చేసిచ్చింది. 2010లో బుర్కినా ఫాసోలో మొదలుపెట్టి 30 కోట్ల మందికి పైగా వేశారు. 2017 తర్వాత అక్కడ ఎ వర్గం కేసు నిర్ధారణ కాలేదు. అయితే జబ్బు పోలేదు. సి, డబ్ల్యూ, ఎక్స్ వర్గాలు ఉన్నాయి. 2006లో నైజర్‌లో ఎక్స్ విజృంభించినప్పుడు దానికి టీకాయే లేదు. అయిదు వర్గాలను ఆపే కొత్త టీకా 2024లో నైజీరియాలో మొదలైంది. అందులో ఎక్స్‌ కూడా చేరిందంటే, చిన్న ఆస్పత్రుల్లో ఎవరో రోగి వెన్నుపాము చుట్టూ ఉండే వెన్నునీరు తీసి, ఎవరో దాన్ని ప్రయోగశాలకు చేర్చి, ఎవరో రకం రాసిపెట్టబట్టే.

మనకూ ఇది దూరపు సంగతి కాదు. 1966, 1985, 2005లలో దిల్లీని ఎ వర్గం పట్టి పీడించింది. మన పసివాళ్లకు ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు వేస్తున్న న్యూమోకాకల్ టీకా వందకు పైగా రకాల్లో ముఖ్యమైన కొన్నింటినే ఆపుతుంది. హైదరాబాద్‌లోని బయలాజికల్-ఇ చేసిన టీకాలో 14 రకాలున్నాయి. టీకా ఆపిన రకాలు తగ్గేకొద్దీ, అందులో లేనివి ఆ చోటుకు వస్తాయి. వచ్చేవేమిటో కనిపెట్టి ఉండాల్సింది మన ఆస్పత్రులే. కానీ చాలాచోట్ల వెన్నునీరు తీయకుండానే వైద్యం ముగుస్తుంది, కేసు షీటు మీద ‘మెనింజైటిస్’ అన్న ఒక్క మాటే మిగులుతుంది. వెన్నునీటి కోసం మందు ఆలస్యం చేయమని ఎవరూ అనరు. ప్రతి గంటా విలువైనదే. యాంటీబయాటిక్ పడి కల్చర్‌లో (క్రిమిని పెంచి చూసే పరీక్షలో) ఏమీ మొలవకపోయినా పీసీఆర్ పరీక్ష క్రిమి జన్యువును చాలాసార్లు పట్టేస్తుంది. దాని రకం కూడా చెప్పగలదు. ఆ సదుపాయం జిల్లా ఆస్పత్రికి అందుబాటులో ఉండాలి.

ఇంకొకటి, ఇంటివాళ్ల భయం. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయన్న మాట మన ఊళ్లలో బలంగా ఉంది. దాంతో సంతకం పెట్టరు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. సూది గుచ్చేది దానికన్నా కిందనున్న ఎముకల మధ్య. అక్కడ ఉండేవి నీరు, ఆ నీటిలో తేలే నరాల పోగులు. మామూలుగా ఆ నీరు తేటగా ఉంటుంది, చీము చేరితే మసకబారుతుంది. తీసేది కొద్ది మిల్లీలీటర్లే, కొద్దిసేపట్లోనే శరీరం మళ్లీ ఊరబెట్టుకుంటుంది. ఈ నాలుగు ముక్కలు అర్థమయ్యేలా చెప్పడానికి డాక్టరుకు పది నిమిషాలు చాలు. రోగులు కిక్కిరిసిన వార్డులో ఆ పది నిమిషాలు దొరికేలా చూడటం ప్రభుత్వాల పని.