తొలి అక్షరముల వాకిట నిలిచిన పని

మొన్న మా సీతారామపురమున ఎనిమిదవ తరగతి బాలిక యొకతె లేచి, “సార్, మన ఉదయగిరి కోట సంగతి తెలుగులో ఏ పుస్తకంలో వెదకాలి?” అని మమ్మడిగెను. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఆ దుర్గమును గజపతుల నుండి గైకొనెనని నోటితో చెప్పగలిగితిమి. కాని, అక్షరక్రమమున తానే వెదకికొని చదువుకొమ్మని ఆమె చేతిలో పెట్టదగిన పుస్తకము మా బీరువాలో లేదు. ఆ వారమే ఒక సభలో పెద్దమనిషి యొకరు, “ఇంగ్లీషున సమస్తమును ఉండగా, చేతిలో ఫోనుండగా, తెలుగున విజ్ఞానసర్వస్వమేల? కొమర్రాజువారి కాలము గడచినది” అని సెలవిచ్చిరి. చప్పట్లు మ్రోగినవి. ఆ చప్పట్లకు బదులు చెప్పుటయే మా యుద్దేశము.

కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు 1877లో నాటి కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. నాగపురమున చదివి, ఎం.ఏ. పట్టము పొంది, మునగాల జమీందారు నాయని వేంకట రంగారావుగారి కొలువున దివానుగా నుండిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారిలో వారొకరు. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. మరుసటి యేట వెలువడిన మండలి మొదటి పుస్తకము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. పద్యమును కథయునే గ్రంథములని జనులు తలచు నాళ్లలో చరిత్ర, జీవశాస్త్రము, పదార్థవిజ్ఞానము తెలుగు ఇండ్లలోనికి నడచి వచ్చినది ఈ మండలి మూలముననే. పిమ్మట వారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి యువకులను చేరదీసి మూడు సంపుటములు వెలువరించిరి. 1923లో, నలువదియారేండ్ల ప్రాయమున, మదరాసులో కన్నుమూసిరి. పని తొలి అక్షరముల వాకిటనే నిలిచిపోయినది. కాశీనాథుని నాగేశ్వరరావుగారు దానిని మరల చేపట్టిరి. 1938లో వారును గతించిరి. మా బాలిక యడిగిన ‘ఉదయగిరి’ ఉకారమున నున్నది. అకారమునకు ఉకారము నాలుగు మెట్ల దూరము. ఆ నాలుగు మెట్లను మన జాతి ఆ గ్రంథముతో ఎక్కలేకపోయినది!

ఇంగ్లీషున సమస్తమును కలదందురా? లండనునగర వృత్తాంతము కలదు. మా వెలిగొండల పాదమున ఏ చెరువునకు ఏ వాగు నీరు తెచ్చునో, ఉదయగిరి పనివారు చెంచాలు చెక్కు కొయ్య యే చెట్టుదో, ఘటిక సిద్ధేశ్వరమునకు దారి యెట్టిదో అందెవ్వరు వ్రాసిరి? వ్రాసియున్నను, ఇంగ్లీషు రాని తల్లి దానిని బిడ్డకు ఎట్లు చదివి చెప్పును? లక్ష్మణరావుగారి అక్క బండారు అచ్చమాంబగారు బడికి పోయినవారు కారు. తమ్ముని చదువు చెంతనే చదువు నేర్చి అబలా సచ్చరిత్ర రత్నమాల వ్రాసిరి. ఇంటి భాషలో పుస్తకమున్ననే అట్టి తల్లులుందురు.

ఫోనున అన్నియు కలవందురా? ఫోను బావి వంటిది. ఊట లేని బావిలో చేద వేసిన ఇసుకయే వచ్చును. తెలుగు వికీపీడియా 2003లో ప్రారంభమైనది. జీతము లేక పనిచేయువారు దానిని పెంచుచున్నారు. 2013 నుండి లక్ష్మణరావుగారి పేరిట అందు పురస్కారమొకటి నెలకొన్నది. కాలము గడచినదనువారు దీనికేమందురు? గడచినది కాలము కాదు, మన ఓపిక.

“అది ప్రభుత్వము పని” యనువారు కలరు. ప్రభుత్వ సాహాయ్యము వలదని మేమనము. 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి విషయక్రమమున సంపుటములు వెలువరించినది. అది మేలైన పనియే. కాని కొమర్రాజువారు ఆజ్ఞ వచ్చుదాక కూర్చుండలేదు. దివానుగిరి చేయుచునే మండలిని స్థాపించిరి.

వారియందు దోషము లేదా? కలదు. ఒక జాతి మోయవలసిన బరువును ఒక్క మనిషి మోయబూనుటయే ఆ దోషము. అయితే ఆ నింద వారికంటె భుజమీయని మనకే చెల్లును. క్రొయేషియా రచయిత మిరోస్లావ్ క్ర్లెజాను చూడుడు. కవి, నాటకకర్త, నవలాకారుడు. 1950లో జాగ్రెబు నగరమున విజ్ఞానకోశములకై ఒక సంస్థను స్థాపించెను. 1981లో ఆయన మరణించెను. ఆయన ఏ యుగోస్లావియాకు విజ్ఞానకోశము కూర్చెనో ఆ రాజ్యమే విచ్ఛిన్నమైనది. సంస్థ మాత్రము ఆయన పేరుతో నేటికిని పనిచేయుచున్నది. వారు సంపాదకుని వెనుక సంస్థను నిలిపిరి. మనము సంపాదకుని పటమునకు దండ వేసితిమి.

మేమును లక్ష్మణరావుగారు గతించిన ప్రాయమునకు చేరువైతిమి. మా వలన సంపుటములు కావు. కాని మా తరగతిలో ఒక లావుపాటి నోటుపుస్తకము తెరచితిమి. ప్రతి బాలుడును, బాలికయు తన ఊరి చెరువు, పైరు, చెట్టు, పనిముట్టు, వీనిలో ఒకదానిని గూర్చి పెద్దలనడిగి, మరియొకరి నోట సరిచూచి పది పంక్తులు వ్రాయవలెను. సరియని తేలినదానిని వికీపీడియాకు పంపుదుము. ఉదయగిరిని గూర్చిన పుటను ఆ యడిగిన బాలికకే అప్పగించితిమి.

చదువరులారా! మీ యింటను అట్టి పుస్తకమొకటి తెరువుడు. తెరువలేనిచో, కొమర్రాజువారి కాలము గడచినదని మాత్రము పలుకకుడు.