దూరపు పరుగుకు నిదానమే మందు

ఈ మధ్య ఆసుపత్రికి వచ్చేవాళ్ళు కొందరు ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నారు. "డాక్టరుగారూ, నాకు నలభై రెండేళ్ళు. ఆఫీసులో స్నేహితులంతా మారథాన్‌కు పేర్లిచ్చారు. నేనూ ఇచ్చాను. ఇంకా రెండు నెలలే ఉంది. ఏం తింటే, ఏ టానిక్కు తాగితే పరుగెత్తగలను?"

హైదరాబాదులో ఆగస్టులో జరిగే మారథాన్, విశాఖ సముద్రతీరంలో జరిగే పరుగులు, జిల్లా కేంద్రాల్లో పెట్టే 5 కిలోమీటర్ల పరుగులు చూసి నడివయసు వారికి కూడా ఉత్సాహం పుడుతోంది. ఇది సంతోషించవలసిన విషయమే. కుర్చీకి అతుక్కుపోయిన మనిషి లేచి నాలుగడుగులు వేస్తానంటే ఏ వైద్యుడు వద్దంటాడు?

అయితే ఆ ప్రశ్నకు నా జవాబు ఇది. మీరు పరుగెత్తగలరు. కాని రెండు నెలల్లో కాదు. అందుకు టానిక్కూ లేదు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంత దూరం పరుగెత్తడానికి కాళ్ళలో బలం కావాలి, నిజమే. అంతకన్న ముందు మనసులో ఓపిక కావాలి. ఆ ఓపిక లేనివారే చివరకు మా దగ్గరకు కుంటుకుంటూ వస్తారు.

దేహంలో ఏం జరుగుతుంది?

మీరు రోజూ కొంచెం కొంచెంగా పరుగెత్తడం మొదలుపెట్టారనుకోండి. నాలుగైదు వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది. గుండె ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. ప్రాణవాయువును వాడుకుని శక్తి పుట్టించే మైటోకాండ్రియా అనే సూక్ష్మభాగాలు వృద్ధి అవుతాయి. "ఇంకేం, నాకు వచ్చేసింది" అనిపిస్తుంది.

ప్రమాదం ఉన్నది ఇక్కడే. గుండె, ఊపిరి, కండరాలు త్వరగా అలవాటు పడతాయి. ఎముకలు, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే స్నాయువులు అంత త్వరగా అలవాటు పడవు. వాటికి నెలల తరబడి కాలం కావాలి. ఊపిరి "పద, పద" అంటూ ఉంటుంది. ముంగాలి ఎముక "ఆగు" అంటూ ఉంటుంది. ఊపిరి మాట విని దూరం పెంచేసినవారికి మడమ వెనక వాపు, మోకాలి నొప్పి, ముంగాలి ఎముకలో సన్నని పగుళ్ళు వస్తాయి. పగులు వచ్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు మాట మరచిపోవలసిందే. తొందరపడి సంపాదించినది, తీరికగా పోగొట్టుకోవడమన్నమాట.

ముందుగా పరీక్ష ఎవరికి?

నలభై దాటి చాలాకాలంగా వ్యాయామం లేనివారు, సిగరెట్టు తాగేవారు, రక్తపుపోటు, చక్కెర వ్యాధి, కొలెస్టరాల్ ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు గాని ఆకస్మిక మరణం గాని సంభవించినవారు పరుగు మొదలుపెట్టే ముందే వైద్యుని కలవాలి. నడిచేటప్పుడు ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం ఉంటే వయసు ఎంతైనా సరే, ముందు పరీక్ష, తరువాతే పరుగు. ఇ.సి.జి. కావాలా, ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలా అన్నది మీ డాక్టరు నిర్ణయిస్తారు.

ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి పరుగులో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. మోతాదు విషయం ముందే మాట్లాడుకోవాలి. ఆడవారు హీమోగ్లోబిన్ చూపించుకోవడం మంచిది. మన ఇళ్ళలో రక్తహీనత ఎంతమందికి ఉందో నేను వేరే చెప్పనక్కరలేదు. రక్తం తక్కువగా ఉన్న అమ్మాయికి ఆయాసం వస్తే, దాన్ని బద్ధకం అనుకుని ఇంకా పరుగెత్తమనడం అన్యాయం.

భయపెట్టడానికి ఇవన్నీ చెప్పడం లేదు. అమెరికాలో 2000 నుంచి 2010 మే వరకు మారథాన్‌లు, అర్ధ మారథాన్‌లు పరుగెత్తిన సుమారు కోటీ 9 లక్షల మందిని లెక్కలోకి తీసుకుని చూస్తే, పరుగు సందర్భంలో గుండె ఆగినవారు 59 మంది. వారిలో 42 మంది మరణించారు. కోటి మందిలో ఇది చాలా తక్కువే. కాని అందులో ఎక్కువ భాగం పరుగు చివరి భాగంలో జరిగాయన్నది గుర్తుంచుకోండి. గమ్యం కనబడేసరికి మనిషి ఒళ్ళు మరచిపోతాడు.

తర్ఫీదు ఎలా?

ఇబ్బంది లేకుండా 40 నిమిషాలు చురుకుగా నడవగలిగినవారు ఇలా మొదలుపెట్టవచ్చు. వారానికి మూడు నాలుగు రోజులు, రోజు విడిచి రోజు, అరగంట సేపు. ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక. క్రమంగా పరుగు పెంచి నడక తగ్గించాలి. మూడు నెలలకు ఆగకుండా 5 కిలోమీటర్లు, ఆరు నెలలకు 10 కిలోమీటర్లు, ఏడాదికి అర్ధ మారథాన్, అంటే 21 కిలోమీటర్లు. పూర్తి మారథాన్ సంగతి ఆ తరువాత. దానికి ప్రత్యేకంగా మరో నాలుగైదు నెలల తర్ఫీదు కావాలి.

వేగం ఎంత ఉండాలి? గడియారం అక్కరలేదు. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్లు లెక్క. వారంలో చేసే పరుగులో ఎక్కువ భాగం ఇలా మాట్లాడుకుంటూ చేసేదే అయి ఉండాలి. వారం వారం మొత్తం దూరాన్ని సుమారు పదోవంతు కన్న ఎక్కువ పెంచకండి. మూడు వారాలు పెంచితే నాలుగో వారం కొంత తగ్గించండి. మారథాన్‌కు తయారయ్యేవారు వారానికి ఒక రోజు దూరపు పరుగు పెట్టుకుని, మెల్లగా 30 కిలోమీటర్ల దాకా తీసుకువెళ్ళి, పోటీకి మూడు వారాల ముందు దాన్ని ఆపేయాలి. చివరి రెండు వారాలు దూరం బాగా తగ్గించాలి. అప్పుడు కాళ్ళు తుప్పు పడతాయేమోనని భయం వేస్తుంది. పట్టవు. విశ్రాంతిలోనే కండరం మరమ్మతు అయి బలపడుతుంది. నిద్ర కూడా తర్ఫీదులో భాగమే.

మనసుకు మూడు పరీక్షలు

మొదటి పరీక్ష బయలుదేరగానే వస్తుంది. బ్యాండు మేళం, చప్పట్లు, పక్కన వేలమంది. కాళ్ళు వాటంతటవే ఎగురుతాయి. అప్పుడు మిమ్మల్ని నలుగురూ దాటిపోతుంటే పోనివ్వాలి. ఇది చెప్పినంత తేలిక కాదు.

రెండో పరీక్ష 30 కిలోమీటర్ల దగ్గర. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. దాని నుంచి వచ్చే శక్తి సుమారు 2000 కేలరీలు. 60 కిలోల మనిషికి కిలోమీటరుకు 60 కేలరీల చొప్పున ఖర్చవుతుంది. కొవ్వు కొంత సాయం చేసినా, మొదట్లోనే వేగంగా పోయినవారి నిలవ త్వరగా అడుగంటుతుంది. ఉన్నట్టుండి కాళ్ళు సీసపు గుండులైపోతాయి. పరుగు వీరులు దీన్నే "గోడ" అంటారు. ఆ సమయంలో మిగిలిన 12 కిలోమీటర్లను తలచుకోకండి. ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం దాకా వెళ్ళండి. తరువాత మరో స్తంభం. మధ్యలో నడవడం పరువు తక్కువ కాదు. పరుగు గంట దాటితే దారిలో అరటిపండో, ఖర్జూరాలో తీసుకుంటూ ఉండాలి. అయితే తర్ఫీదులో అలవాటు లేనిది పోటీ రోజున నోట పెట్టకండి.

మూడోది అన్నిటికన్న కష్టమైన పరీక్ష. ఆగవలసి వచ్చినప్పుడు ఆగగలగడం. 1908లో లండన్ ఒలింపిక్స్‌లో ఇటలీకి చెందిన డొరాండో పియెత్రి చివరి భాగంలో ముందున్నవాణ్ణి దాటి, అందరికన్న ముందుగా స్టేడియంలో అడుగుపెట్టాడు. అప్పటికే స్పృహ సరిగా లేదు. దారి తప్పి వ్యతిరేక దిక్కుకు తిరిగాడు. పదే పదే పడ్డాడు. అధికారులు లేవదీసి సాయం చేసినందువల్ల బహుమతి పోయింది. ప్రాణం దక్కింది. 1912లో స్టాక్‌హోంలో పోర్చుగల్ యువకుడు ఫ్రాన్సిస్కో లజారో అంత అదృష్టవంతుడు కాదు. మండుటెండలో పరుగెత్తుతూ కుప్పకూలి, మరునాడు మరణించాడు. ఎండ తగలకుండా ఒంటికి కొవ్వు పూసుకున్నాడనీ, అందువల్ల చెమట పట్టలేదనీ చెబుతారు. వారిద్దరికీ పట్టుదల లోటు కాలేదు. దేహం వద్దంటున్నా పట్టుదల లాక్కుపోయింది.

గొప్పవారిని చూసి గొప్పకు పోకండి. 1960లో రోములో ఇథియోపియా వీరుడు అబెబె బికిలా ఉత్త కాళ్ళతో పరుగెత్తి గెలిచాడు. అలా పరుగెత్తడం ఆయనకు ముందునుంచి అలవాటు. మన దేశానికి చెందిన శివనాథ్ సింగ్ 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో 11వ స్థానం సంపాదించి, 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో పూర్తిచేశాడు. ఆ జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు. దాని వెనక ఎన్నో ఏళ్ళ సాధన ఉంది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకోరాదు.

ఎండ, నీళ్ళు, మాత్రలు

మన ఎండలకు దేహం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. వేసవిలో తెల్లవారకముందే పరుగు ముగించండి. కోస్తాలో ఎప్పుడూ, తెలంగాణలో వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ. చెమట కారిపోతుందే గాని ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అటువంటి రోజున వేగం తగ్గించుకోవాలి.

నీళ్ళు తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే. 2002లో బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తిన 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందికి సోడియం తగ్గి ఉంది. అతిగా తాగి, పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారికి ఈ ముప్పు ఎక్కువ. తలనొప్పి, వాంతి, వేళ్ళ వాపు, తికమక దీని లక్షణాలు. దాహం వేసినప్పుడు, వేసినంత తాగండి. ఉప్పు వేసిన మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. మంచివి.

నొప్పి తెలియకుండా ఉండాలని కొందరు బయలుదేరే ముందు డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ మాత్రలు వేసుకుంటున్నారు. ఈ పని చేయకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. పైగా నొప్పి మీకు వచ్చిన హెచ్చరిక. దాని నోరు నొక్కడం మంచిది కాదు. జ్వరంలో, జ్వరం తగ్గిన కొత్తలో అసలు పరుగెత్తరాదు. కొన్ని వైరస్ జ్వరాలు గుండె కండరాన్ని కూడా వాపు చేస్తాయి.

వెంటనే ఆగవలసిన సూచనలు ఇవి: ఛాతీలో నొప్పి లేక బరువు, అది దవడకో ఎడమ చేతికో పాకడం, కళ్ళు చీకట్లు కమ్మడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, ఎండలో ఒళ్ళు గగుర్పొడిచి చలి వేయడం, మాట తడబడటం, అడుగడుగుకూ పెరిగే ఎముక నొప్పి.

ఇంట్లోవారు, వెంట వెళ్ళేవారు కూడా రెండు సంగతులు తెలుసుకోవాలి. ఒళ్ళు కాలిపోతూ, మాట పొంతన లేకపోతే వడదెబ్బ అనుకోండి. వెంటనే నీడకు చేర్చి, వీలైతే మెడ దాకా ఐసు నీళ్ళ తొట్టిలో ఉంచి తల పట్టుకోవాలి. లేకపోతే చన్నీళ్ళు గుమ్మరిస్తూ విసరాలి. ముందు చల్లబరచడం, తరువాత ఆసుపత్రికి తరలించడం. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. ఇక మనిషి పడిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి మామూలుగా లేకపోతే 108కి ఫోను చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. సాయం వచ్చేదాకా మానవద్దు.

మరి రెండు నెలల్లో మారథాన్ ఉన్న ఆ నలభై రెండేళ్ళ పెద్దమనిషి ఏం చేయాలి? పేరు ఇచ్చినందుకు బాధపడనక్కరలేదు. వీలుంటే 5 కిలోమీటర్ల పరుగుకు మార్చుకోమనండి. మార్చకపోతే ఆ రోజు దారి పక్కన నిలబడి స్నేహితులకు నీళ్ళు అందించమనండి. రేపు పొద్దున్నే లేచి, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడకతో మొదలుపెట్టమనండి. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది కూడా ఆ పరుగు జరుగుతుంది. అప్పటికి ఆయన ఆరోగ్యంగా ఉండటం ముఖ్యం.