పాతికేళ్ల సెలవులకు ఇవాళే బిల్లు

హోటల్ కట్టేవాడు బ్యాంకు గుమ్మం ఎక్కుతాడు. స్థలం తాకట్టు పెడతాడు, వడ్డీ కడతాడు, గది ఖాళీగా ఉన్న ప్రతి రాత్రీ నిద్ర మానుకుంటాడు. ఏటా ఒక వారం చొప్పున పాతికేళ్ల బసను ముందే అమ్ముకునే టైమ్‌షేర్ రిసార్టు వాడికి ఆ బెంగ తక్కువ. వాడి బ్యాంకు మనమే. వడ్డీ అడగని, కిస్తీ తప్పితే నిలదీయని బ్యాంకు!

ఒక మాల్‌లో కూపన్ నింపిన పాపానికి నాకూ 'బహుమతి' తగిలింది. దంపతులిద్దరూ రావాలన్నారు. రెండు గంటలు కూర్చోబెట్టి కొండల బొమ్మలు చూపించి, "ఈ ఆఫరు ఇవాళ్టికే సార్" అన్నారు. రేపటిదాకా ఆగని బేరం పాతికేళ్లు నిలుస్తుందట!

లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, పద్ధతి మాత్రం వాళ్లదే. ఏడాదికి 52 వారాలు. మరమ్మతులకు ఒకటి వదిలినా, వారం 4 లక్షల చొప్పున ఒక్క గది మీద 2 కోట్ల 4 లక్షలు. అదే గది హోటల్లో రోజుకు 6,000కి, నూటికి 60 రోజులు నిండితే ఏడాదికి వచ్చేది 13 లక్షల చిల్లర. ఆ 2 కోట్లు కళ్లచూడాలంటే హోటల్‌కు పదిహేనేళ్లు దాటాలి. అమ్మకందార్ల కమీషన్లు, ప్రచారం పెద్ద వాటా మింగుతాయి, నిజమే. అవి కూడా మన డబ్బులే కదా!

ఇక మన వైపు చూడండి. 4 లక్షలకు 7 శాతం వడ్డీ 28,000. ఏటా కట్టే నిర్వహణ రుసుం 20,000 అనుకుందాం. ఏడు రాత్రులకు 48,000. అంటే రాత్రికి 6,857! హోటల్ కంటే ఎక్కువ. తిండి ఖర్చు వేరే. వెళ్లకపోయినా రుసుం తప్పదు. పాతికేళ్లయ్యాక అసలూ ఉండదు.

2018 నుంచి అమలైన ఇండ్ ఏఎస్ 115 లెక్కల నియమం ఇలాంటి సభ్యత్వ రుసుమును ఒక్కసారిగా ఆదాయంలో వేసుకోనివ్వదు, సేవ అందించే ఏళ్లకు పంచమంటుంది. ఇంకా సంపాదించని సొమ్మని ఆడిటర్‌కు తెలుసు. కొన్నవాడికే తెలియదు.

యూరప్‌లో 2008 నాటి ఆదేశం ప్రకారం సంతకం చేశాక కూడా 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వెనక్కి తగ్గవచ్చు. మనకు టైమ్‌షేర్ మీద ప్రత్యేక చట్టమే లేదు. అది వచ్చేదాకా మీ చట్టం మీరే రాసుకోండి: "ఇవాళ్టికే" అన్నవాడి కాగితం మీద ఇవాళ సంతకం పెట్టకండి.