ఎకరానికి మూడు బస్తాలట!

కిందటి అక్టోబరులో జహీరాబాద్ దగ్గర ఒక ఎరువుల దుకాణంలో పొద్దున్నే గంటన్నర కూర్చున్నాను. ఆలుగడ్డ పెట్టే రోజులు. ఆగ్రా నుంచి విత్తనం లారీలు దిగుతున్నాయి, అందరికీ తొందరే. వచ్చిన ప్రతి మనిషినీ బల్ల దగ్గరున్న కుర్రాడు ఒకే ప్రశ్న అడిగాడు: "ఎన్ని ఎకరాలు?" జవాబు రాగానే దాన్ని మూడుతో హెచ్చవేసి డీఏపీ బస్తాలు, మళ్లీ మూడుతో హెచ్చవేసి యూరియా బస్తాలు చీటీ మీద రాసిచ్చాడు. చెల్కనా, రేగడా అని ఒక్కరినీ అడగలేదు. ఎందుకడగలేదని ఒక్క రైతూ అనుకోలేదు. నాకు ఒళ్లు మండింది ఈ రెండో సంగతికే.

ఈ గడ్డకు మనం మూడు పేర్లు పెట్టుకున్నాం. జహీరాబాద్‌లో ఆలుగడ్డ, మదనపల్లె వైపు ఉర్లగడ్డ, కోస్తాలో బంగాళాదుంప. పిలవడంలో ఇంత తేడా చూపించినవాళ్లం, మేపడానికొచ్చేసరికి అందరం ఒకే మంత్రం చదువుతున్నాం: "ఆలుకు బలం కావాలి. తక్కువైతే గడ్డ ఊరదు, ఎక్కువైతే పోయేదేమీ లేదు." దుకాణదారు నుంచి పక్క పొలం పెద్దాయన దాకా ఇదే మాట. ఇందులో మొదటి సగం నిజం. రెండో సగమే కొంప ముంచుతోంది.

ముందు ఆ మూడు బస్తాల లెక్కే చూద్దాం. డీఏపీలో నత్రజని నూటికి 18, భాస్వరం 46. యాభై కిలోల బస్తాలు మూడంటే 27 కిలోల నత్రజని, 69 కిలోల భాస్వరం. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలే. అందులో నత్రజని నూటికి 46, కాబట్టి మూడు బస్తాలకు 62 కిలోలు. మొత్తం మీద ఎకరానికి నత్రజని 89, భాస్వరం 69, పొటాష్ సున్నా. ఇక ఎకరానికి ఎనిమిది టన్నుల గడ్డ తీశారనుకోండి. టన్ను గడ్డ తన వెంట సుమారు 3 కిలోల నత్రజని, కిలో కంటే కొంచెం ఎక్కువ భాస్వరం, 5 కిలోలకు పైగా పొటాష్ తీసుకుపోతుంది. అంటే పొలం నుంచి బయటికెళ్లేది 25 కిలోల చిల్లర నత్రజని, 10 కిలోల భాస్వరం, 40 కిలోల పైన పొటాష్. అన్నిటికన్నా ఎక్కువగా తినేదాన్ని వడ్డించనే లేదు, అన్నిటికన్నా తక్కువగా తినేదాన్ని ఏడింతలు కుమ్మరించారు.

తీసుకున్నంతే పెడితే సరిపోతుందని నేననను. ఆలు వేరు పైపైన, అడుగు అడుగున్నర లోతులోనే తిరుగుతుంది. భాస్వరం వెతుక్కోవడంలో బద్ధకపు వేరు అది. అందుకని తీసుకునే దానికంటే ఎక్కువే పెట్టాలి. కానీ ఎంత ఎక్కువ, ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పాల్సింది నేల. దుకాణం చీటీ కాదు.

"ఎక్కువైతే పోయేదేమీ లేదు" అన్న మాట ఆలు విషయంలో బొత్తిగా చెల్లదు. మనం తినే గడ్డ వేరు కాదు, నేల కింద ఊరే కాండం. మొక్క ఆకు పెంచుకోవడం తగ్గించి కిందికి పిండి దించాలంటే రాత్రుళ్లు చల్లబడాలి, ఒంట్లో నత్రజని జోరు కాస్త తగ్గాలి. రాత్రి వేడి 20 డిగ్రీలు దాటితే గడ్డ కట్టడం మందగిస్తుంది. మనకు చలి ఉండేదే నవంబరు నుంచి జనవరి దాకా, పంట మొత్తం 80–90 రోజులు. నాలుగైదు నెలలు చేలో ఉంచుకోగల యూరోపు రైతుకు గడ్డ పది రోజులు ఆలస్యమైనా గడిచిపోతుంది. యూరియా మత్తులో మనం పోగొట్టుకునే పది రోజులు మాత్రం చలి రోజులు, మళ్లీ రావు. నలభై ఐదో రోజున మోకాలు దాటిన ఆకు, దారినపోయేవాళ్లు ఆగి చూసే ముదురు పచ్చదనం! మొక్క పీకి చూస్తే కింద నాలుగు గోలీలు.

దుకాణంలో కలిసిన ఒక రైతు నన్ను తన చేనుకు తీసుకెళ్లాడు. నాలుగెకరాలు. పైన మెరక భాగం ఎర్ర చెల్క, వాలు దిగితే నల్లరేగడి. ఆ ప్రాంతంలో ఇదేమీ వింత కాదు, ఒకే కమతంలో రెండు రకాల మట్టి ఉంటుంది. అటూ ఇటూ కూడా మూడు బస్తాల లెక్కే. రేగడిలో పలుగుతో కాస్త తవ్వగానే శనగగింజంత తెల్లటి సున్నపు గుళికలు తగిలాయి. నిమ్మకాయ ఉందా అని అడిగితే నన్ను వింతగా చూశాడు. ఇంటినుంచి తెప్పించి ఒక గుళిక మీద నాలుగు చుక్కలు పిండాం. బుసబుసమని నురగ లేచింది. నేల సున్నం కక్కుతోందని ఆ నురగే చెప్పింది. ఇలాంటి నేలలో చల్లిన డీఏపీలో చాలా భాగం కొన్ని వారాల్లో సున్నంతో కలిసి బిగుసుకుపోతుంది. మట్టిలోనే ఉంటుంది, మొక్క నోటికి మాత్రం అందదు. ఏటా పైన మరో మూడు బస్తాలు. భూసార పరీక్షలో భాస్వరం "అధికం" అని వస్తుంది, పక్కనే జింకు తక్కువని వస్తుంది. ఈ రెండూ వేరువేరు సంగతులు కావు. సున్నానికి తోడు పేరుకున్న భాస్వరం కూడా జింకుకు అడ్డం పడుతుంది.

అలాంటి రేగడిలో చేయాల్సింది భాస్వరాన్ని తగ్గించి, చల్లడం మానేసి, సాలులో విత్తనానికి కాస్త పక్కగా, కిందగా పడేలా వేయడం. విత్తనాన్ని తాకితే మొలక మాడుతుంది. జింకు సల్ఫేటు వేస్తే భాస్వరం ఎరువుతో కలపకుండా విడిగా వేయాలి. యూరియా పైపైన చల్లి వదిలేస్తే అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది, సున్నపు నేలలో మరీను. అందుకే బోదెలు ఎగదోసేటప్పుడు మట్టి కింద కప్పెట్టాలి. పొటాష్‌ను మాత్రం ఈ జిగురు మట్టి బాగానే పట్టి ఉంచుకుంటుంది, పరీక్ష చూసుకుని కాస్త వెనకాడినా ఫర్వాలేదు.

నలభై గజాలు ఎక్కి చెల్కలోకి వస్తే కథంతా తిరగబడుతుంది. ఇక్కడ కూడా భాస్వరం బిగుస్తుంది గానీ పట్టేది సున్నం కాదు, ఇనుము, అల్యూమినియం. నీళ్లు పెట్టగానే సర్రున దిగిపోతాయి, వాటితోపాటే నత్రజనీ. విత్తేటప్పుడే యూరియా అంతా గుమ్మరిస్తే రెండు మూడు తడులకే వేరు అందుకోలేని లోతుకు జారిపోతుంది. విత్తేటప్పుడు కొంత, 25–30 రోజులకు మట్టి ఎగదోసేటప్పుడు కొంత, ఆ తర్వాత రెండు వారాల్లోపు కొంత అని విడగొట్టక తప్పదు. పొటాష్‌నూ ఈ నేల దాచుకోలేదు. చెల్క ఆలులో ముదురాకుల అంచులు రాగి రంగు తిరిగి మాడుతుంటే అందరూ తెగులనుకుని మందు కొడతారు. చాలాసార్లు అది ఆకలి.

చెల్కకు కాల్షియమూ తక్కువే. గడ్డ తనకు కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగాన్ని పెద్ద వేళ్ల నుంచి కాదు, తన చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది. వినడానికి కొత్తగా ఉండొచ్చు గానీ, వేరుశనగ రైతుకు ఇది పాత పాఠం. ఊడలు దిగే వేళ ఎకరానికి 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసేది ఇందుకే కదా! చిత్తూరు పడమటి మండలాల్లో వేరుశనగ, ఉర్లగడ్డ రెండూ పండించే రైతు మొదటిదానికి జిప్సం వేస్తాడు, రెండోదానికి మరిచిపోతాడు. ఎర్రనేలకు పులుపెక్కువని ఎవరో చెబితే సున్నం చల్లేవాళ్లూ ఉన్నారు. అది ఇంకో ప్రమాదం. గడ్డ మీద గజ్జి మచ్చలు లేపే సూక్ష్మజీవికి సున్నం పడిన మట్టి ఇష్టం.

మరి రైతుకు ఇంత తెలివి లేదా? ఉంది. ధరల ముందు ఆ తెలివి ఓడిపోయింది. 2010లో కేంద్రం పోషకాన్ని బట్టి సబ్సిడీ అని కొత్త పద్ధతి తెచ్చి, యూరియాను మాత్రం దాని బయటే ఉంచింది. అంతకుముందు 225 రూపాయలలోపు దొరికిన పొటాష్ బస్తా ఇప్పుడు పదిహేను వందలు దాటింది. యూరియా బస్తా ఇప్పటికీ 266 రూపాయల 50 పైసలే. అరువు మీద సేద్యం చేసేవాడి చెయ్యి దేని మీద పడుతుంది? పచ్చదనం వారంలో కనబడుతుంది, పొటాష్ చేసిన మేలు గడ్డ తవ్వితే గానీ కనబడదు. పైగా వెనకటి రోజుల్లో పొటాష్ కొనే పనే ఉండేది కాదు. పదిటన్నుల పెంట తోలితే, గొర్రెల మంద కట్టిస్తే, దాంతోపాటే 50 కిలోల దాకా పొటాష్ వచ్చి పడేది. కొట్టంలో పశువులు తగ్గాయి, పొటాష్ వాటితోనే పోయింది, ఎవరూ గమనించలేదు. (ఈ ముక్క చదివి "అన్నీ వదిలేసి పెంటే వేద్దాం" అనేవాళ్లకు ఒక మనవి: పచ్చిపెంట వేస్తే వేరుపురుగూ గజ్జీ రెండూ వస్తాయి. బాగా మాగాలి, అంత పెంట దొరకనూ దొరకాలి.)

భూసార కార్డులున్నాయి కదా అంటారు అధికారులు. ఉన్నాయి. 2015లో మొదలైన ఆ పథకంలో పన్నెండు పరీక్షలు, మంచివే. నమూనా ఎలా తీయమన్నారో చూడండి: నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒకటి, వర్షాధారమైతే పది హెక్టార్లకు ఒకటి. అంటే ఆరెకరాలకో, పాతికెకరాలకో ఒక సంచి మట్టి. నేను చూసిన నాలుగెకరాల్లోనే రెండు దేశాలున్నాయి. చెల్క మట్టి, రేగడి మట్టి ఒకే సంచిలో పోసి కలిపితే వచ్చేది ఏ నేలకూ చెందని అంకె. చలిజ్వరం వాడినీ చల్లబడ్డవాడినీ పక్కపక్కన పడుకోబెట్టి ఇద్దరికీ కలిపి జ్వరం చూసినట్టు.

పెద్ద లేబొరేటరీలు రావాలని నేను అడగడం లేదు. రంగు మారినచోట సంచి మార్చి రెండు నమూనాలు తీస్తే చాలు. దుకాణంలో "ఎన్ని ఎకరాలు" తర్వాత "అందులో రేగడెంత" అని ఇంకొక్క ప్రశ్న.

అయినా భయానికి లెక్కలు చాలవు. విత్తనానికే ఎకరానికి ఆరేడు క్వింటాళ్లు పోసినవాడికి బస్తా తగ్గించమంటే గుండె ఆగినంత పనవుతుంది. ఆ నిమ్మకాయ రైతుతో గంట వాదించాను. మొత్తం వద్దు, రేగడిలో నాలుగే నాలుగు సాళ్లు డీఏపీ లేకుండా వదులు, తవ్వినప్పుడు తూచి చూసుకుందాం అన్నాను. ఒప్పుకున్నాడు. నా ఎదుటే సాళ్ల చివర కర్రలు పాతి, ఎర్ర గుడ్డ పీలికలు కట్టాడు. సంక్రాంతి ముందు ఫోన్ చేసి ఆ నాలుగు సాళ్లు ఎలా ఉన్నాయని అడిగితే నవ్వాడు.

"మా నాయిన తెల్లారే పోయి ఆండ్ల గూడ ఏసిండు సార్. ఆకలితోని పెట్టుడు పాపమన్నడు."