షీట్లో ఎండకి కాలమ్ లేదు

మా ఆఫీసులో ఒకాయన ఒక ప్లాను తయారుచేశాడు. స్ప్రెడ్‌షీటు, రంగురంగుల గళ్ళు, ఒక్కో గడికీ అరగంట. పొద్దున బెంగుళూర్లో రైలెక్కి పుట్టపర్తిలో దిగుతారు, సాయంత్రం రైలుకి వెనక్కొస్తారు. మధ్యలో "ఫ్యామిలీ సైక్లింగ్" అట. ప్రశాంతి నిలయం, చిత్రావతి ఒడ్డు, బుక్కపట్నం చెరువు, వీలైతే పెనుకొండ కోట, ఇంకా వీలైతే ధర్మవరంలో పట్టుచీరలు! ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికి ఎనిమిదేళ్ళు, చిన్నవాడికి అయిదు. ఈయన అంతకుముందు అలాస్కా క్రూయిజుకి వెళ్ళొచ్చాడు. ఓడ ఆగిన ప్రతి ఊళ్ళోనూ ఇదే పద్ధతిలో అన్నీ "కవర్" చేశాడట. ఆ టెంప్లేటునే తెచ్చి మా జిల్లా మీద పేస్ట్ చేశాడన్నమాట.

మాది ఆ ప్రాంతమే కాబట్టి నన్ను రివ్యూ చెయ్యమన్నాడు. చేశాను. ఆయనకి నచ్చలేదు :)

ఆయనొక్కడి గొడవే అయితే ఇంత రాయక్కర్లేదు. కానీ మన ఐటీ జనంలో చాలామంది కుటుంబంతో బయల్దేరేది ఇలాగే. ముందు చూడాల్సిన వాటి లిస్టు రాసుకుంటాం. తర్వాత ఉన్న టైములో వాటిని కుక్కుతాం. ఆఖర్న, మిగిలితే, పిల్లల గురించి ఆలోచిస్తాం. కారులో వెళ్తే ఈ పద్ధతి ఎలాగోలా నెట్టుకొస్తుంది, ఏసీ ఉంటుంది, వెనక సీట్లో నిద్రపోతారు. సైకిల్ మీద నెట్టుకురాదు. సైకిల్ మీద పిల్ల అలిసిపోతే, అంతే, రోడ్డు పక్కన ఆగిపోవడమే. ఆ రోడ్డు ఎక్కడుంది, అప్పుడు టైమెంతయింది, నీడ ఉందా లేదా అన్నవి షీట్లో ఉండవు.

అసలు ఓడకీ రాయలసీమకీ పోలికేంటి అంటారేమో. మాకు సముద్రం లేదు, నిజమే. నదిలో నీళ్ళే అరుదు. కానీ లెక్క ఒకటే. ఓడ రేవులో ఆగినా, మీరు రెండు రైళ్ళ మధ్య ఒక ఊళ్ళో దిగినా, తిరిగి ఎక్కాల్సిన టైము మీ చేతిలో లేదు. ఓడవాళ్ళు అమ్మే టూరులో వెళ్తే కనీసం వాళ్ళ బస్సు ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సొంతంగా సైకిలేసుకుని వెళ్తే ఆగదు. రైలు ఎవరికోసమూ ఆగదు. రిలీజు డేటు మార్చలేనప్పుడు ప్లాను వెనకనుంచి ముందుకి వెయ్యాలని మనందరికీ ఆఫీసులో తెలుసు, ఇంటికొచ్చేసరికి మాత్రం మర్చిపోతాం.

వేసి చూద్దాం. రైళ్ళ వేళలు మారుతుంటాయి, అవి మీరే చూసుకోండి. లెక్కకోసం పదింటికి దిగి, నాలుగింటికి ఎక్కాలనుకుందాం. ఆరు గంటలు. బోలెడుంది కదా? సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషను (2000లో మొదలైంది) ఊళ్ళో లేదు, ఊరికి దాదాపు 8 కిలోమీటర్ల దూరంలో ఉంది. మావాడి షీట్లో ఈ 8 కిలోమీటర్లూ "వార్మప్ రైడ్" అని రాసుంది! అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, పదహారు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఇరవై అంగుళాల చక్రాల సైకిల్ మీద అదే ఆ రోజుకి పూర్తి కోటా, ఇంకా చెప్పాలంటే కోటా దాటిపోయింది. ఊరు చూడకముందే బాటరీ అయిపోతుంది.

కాబట్టి స్టేషన్నుంచి ఊళ్ళోకి ఆటోనే. దిగడం, ఆటో మాట్లాడుకోవడం, ఊళ్ళోకి రావడం, సైకిళ్ళు సర్దుకోవడం, సీటు ఎత్తు సరిచెయ్యడం, ఒకరికి బాత్రూమ్... పదకొండు అయింది. తిరుగు ప్రయాణానికి రెండూ ముప్పావుకి ఊళ్ళోంచి కదలాలి. చేతిలో ఉన్నది మూడూ ముప్పావు గంటలు. భోజనానికి గంట తీసెయ్యండి. పంక్చరుకో, ఏడుపుకో ముప్పావు గంట పక్కన పెట్టండి (ఇది బఫరు, దీన్ని ఖర్చుపెట్టి ఇంకో గుడి చూడకండి). మిగిలింది రెండు గంటలు. ఆ పిల్ల తొక్కుతున్నప్పుడు గంటకి ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పోతుందేమో గానీ, నీళ్ళకి ఆగి, మేకపిల్లకి ఆగి, తమ్ముడితో తగూకి ఆగి, గంట గడిచేసరికి అయిదు దాటదు. అంటే మొత్తం పది. అంటే వెళ్ళడానికి అయిదు, రావడానికి అయిదు. మీ ఆరు గంటల మజిలీ నిజమైన వైశాల్యం ఇదీ. బుక్కపట్నం చెరువు ఈ గీత అంచు మీదో, అవతలో పడుతుంది, మీరెక్కణ్ణుంచి మొదలెట్టారన్నదాన్ని బట్టి. విజయనగర కాలం నాటి చెరువు, నీళ్ళున్న ఏడాది చూసి తీరాలి, కానీ ఆ దారి ధర్మవరం బస్సులూ లారీలూ తిరిగే రోడ్డు. నేనైతే తీసేస్తాను. పెనుకొండ, ధర్మవరం ఒక్కోటి నలభై కిలోమీటర్ల దగ్గర్లో ఉన్నాయి. ఎనిమిదేళ్ళ పిల్లతో వాటి గురించి మాట్లాడ్డమే దండగ.

ఇప్పుడు ఎండ. పాత అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. మబ్బు అనేది మాకు పండగ. పైన లెక్కేసిన రెండు గంటలూ ఎక్కడ పడ్డాయో చూశారా? పదకొండుకీ రెండూ ముప్పావుకీ మధ్య! ఏప్రిల్లో ఆ వేళకి మా ఊళ్ళల్లో గొర్రెల కాపర్లు కూడా వేపచెట్టు కిందకి చేరతారు. మీరు అయిదేళ్ళ వాణ్ణి వెనక సీట్లో కట్టుకుని పోతుంటే ఏ ముసలమ్మో ఆపి "యాడికి నాయనా ఈ యెండలో బిడ్డల్ని పెట్టుకోని?" అని అడుగుతుంది. సలహా కాదు అది, తిట్టు.

అందుకని పగటి మజిలీలో సైకిలు డిసెంబరు, జనవరి నెలల్లో తప్ప పెట్టుకోకండి. నవంబరు చల్లగానే ఉంటుంది గానీ, 23న సత్యసాయి పుట్టినరోజు చుట్టూ ఊరు కిక్కిరిసిపోతుంది. 2025లో శతజయంతి సంగతి చెప్పనే అక్కర్లేదు. మిగతా నెలల్లో అయితే రాత్రికి అక్కడ ఉండి, తెల్లారి ఆరింటికి మొదలెట్టి ఎనిమిదిన్నరకి ముగించాలి. ఎనిమిదిన్నరకి ఉగ్గాని బజ్జి. మజిలీ ఒక రాత్రి పెరిగిందని షీటు ఒప్పుకోదు, నాకు తెలుసు.

మరి ఆ పది కిలోమీటర్లలో ఏముంది? ఇక్కడే మావాడు నాతో గట్టిగా వాదించాడు, "అంత దూరం వెళ్ళి ఇంతేనా" అని. ఆశ్రమం పక్కనే హిల్ వ్యూ స్టేడియం, 2000లో కట్టిన చైతన్యజ్యోతి మ్యూజియం, అన్నీ దగ్గర దగ్గరగా. ఇటు చిత్రావతి ఒడ్డు. ఎక్కువ కాలం ఇసుకే, అయినా ఇసుక చూసి బెంగుళూరు పిల్లలు ఎంత సంబరపడతారో మీకు తెలీదు. ఊరి బయట 1991 నుంచీ నడుస్తున్న సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి. దాన్ని బయటినుంచి చూసినా ఇది ఆసుపత్రా, ప్యాలెస్సా అని పిల్లలు అడుగుతారు. అక్కడ డబ్బు తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేస్తారని చెప్పండి, ఇంకా ఎక్కువ ప్రశ్నలు వేస్తారు. ఊళ్ళో "సాయిరాం" అన్న ఒక్క మాటతో పనులన్నీ జరిగిపోతాయి. నమస్కారమూ అదే, తప్పుకోండి అన్నదీ అదే. సైకిలుకి బెల్లు లేకపోయినా నడుస్తుంది. ఒక ఎనిమిదేళ్ళ పిల్లకి రెండు గంటల్లో ఇంతకన్నా ఏం కావాలి?

ఒక్క షరతు. ఆశ్రమం లోపల దర్శనం, సైకిలు, రెండూ ఒకే రెండు గంటల్లో పెట్టుకోకండి. ఫోన్లూ సంచులూ హాల్లోకి రానివ్వరు, సైకిళ్ళ దగ్గర ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఇంటావిడే అవుతుంది. నమ్మకం ఉన్నవాళ్ళు దర్శనానికే వెళ్ళండి, ఆ పూట దానికే ఇవ్వండి. దాన్నీ ఒక గడిలో అరగంటకి కుదించడం నమ్మినవాళ్ళకీ నమ్మనివాళ్ళకీ ఇద్దరికీ అవమానమే.

ఇంటావిడ అన్నాను కదా, అసలు కడుపుమంట ఇక్కడే ఉంది. మన కంపెనీల్లో "ఫ్యామిలీ సైక్లింగ్" అంటే ఏంటో ఎప్పుడైనా గమనించారా? మగమహారాజు లక్ష రూపాయల సైకిలు మీద, ఒంటికి అతుక్కుపోయే చొక్కాలో, చేతికి వాచీతో దూసుకుపోతుంటాడు. భార్యాపిల్లలు వెనక ఇన్నోవాలో అరటిపళ్ళు, ఎలక్ట్రాల్ పట్టుకుని వస్తుంటారు. సాయంత్రానికి ఆయన కిలోమీటర్లు అంతర్జాలంలో కనిపిస్తాయి. ఇది కుటుంబంతో సైక్లింగ్ కాదు మహాప్రభో, కుటుంబం చేత కూలిపని చేయించడం. అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్ళు ముందుండాలి, బాగా తొక్కగలిగినవాడు అందరికంటే వెనకుండాలి. ఈ ఒక్క నియమం పాటించలేని వాడు ఒంటరిగా నందికొండకి పోయి తొక్కుకోవచ్చు, ఎవరూ కాదనరు.

ఇక రెండో పార్టీ ఒకటుంది. "మన రోడ్ల మీద పిల్లలతో సైకిలా? పిచ్చా? అదంతా ఫారిన్లో" అంటారు వీళ్ళు. ఎన్‌హెచ్ 44 మీద అంటే నేనూ మీతోనే. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలెట్టాక ఆ వైపు తిరిగే ట్రక్కుల సంగతి చూసినవాళ్ళకి తెలుసు. హిందూపురం నుంచి లేపాక్షికి 15 కిలోమీటర్లు, రానూపోనూ ముప్ఫై, అదీ పిల్లల దారి కాదు. కానీ "మన రోడ్లు" అని మొత్తం కొట్టిపారేసే ముందు ఒక సంగతి. మన ప్రభుత్వమే "బడికొస్తా" పేరుతో సర్కారు బళ్ళలో ఆడపిల్లలకి సైకిళ్ళు పంచింది. ఆ పిల్లలు హెల్మెట్టూ లేకుండా, వెనక చెల్లెల్ని ఎక్కించుకుని, ఇవే రోడ్ల మీద బడికి పోయారు. వాళ్ళు పోతే సాధారణం, మన పిల్లలు పోతే సాహసం. రోడ్డు ప్రమాదకరం అనిపిస్తే అది వాళ్ళకి కూడా ప్రమాదకరమే కదా, మరి అప్పుడెందుకు నోరు మెదపలేదు మనం?

ఫారిన్ గురించి కూడా ఒక మాట. సియాటిల్, వాంకూవర్ వైపునున్న మనవాళ్ళు క్రూయిజ్ అనగానే స్టాన్లీ పార్కు సముద్రపు గోడ మీద సైకిల్ అంటారు. వాంకూవర్లో ఓడలాగే కెనడా ప్లేస్ దానికి దగ్గరే, సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వేరు వేరు దారులు, అద్భుతంగా ఉంటుంది. కానీ ఆ చుట్టు దాదాపు తొమ్మిది, పది కిలోమీటర్లు, సైకిళ్ళకి ఒకవైపే వెళ్ళే దారి. సగంలో పిల్ల మొరాయిస్తే వెనక్కి తిరగడానికి లేదు. అటు ఓడ టైము. ఆ దారికంటే, ఈ ఒక్క విషయంలో, మన విశాఖ బీచ్ రోడ్డు నయం అంటాను నేను. 2022లో కార్డీలియా ఓడ రావడం మొదలైంది, 2023లో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. ఓడరేవుకి దగ్గర్లోనే కోస్టల్ బ్యాటరీ, అక్కణ్ణుంచి తీరం వెంబడి పోతే కురుసుర సబ్‌మెరైన్. తిన్నగా పోవడం, తిన్నగా రావడం. ఏ నిమిషంలో కావాలంటే ఆ నిమిషంలో వెనక్కి తిరగొచ్చు. టైము మన చేతిలో లేనప్పుడు చుట్టుదారి కంటే పోయిన దారినే తిరిగొచ్చేది మేలు. పుట్టపర్తికీ ఇదే వర్తిస్తుంది. బయల్దేరిన గంటకి, ఎక్కడున్నా సరే, ముందు ఎంత బాగున్నా సరే, వెనక్కి తిరగండి. గంట ఎప్పుడైందో చెప్పే పని పెద్దమ్మాయికి ఇవ్వండి, మీకంటే కచ్చితంగా చెప్తుంది.

అసలు చిక్కు సైకిళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలన్నది. రైల్లో తీసుకెళ్దామంటే సైకిలుకి ఫ్రీ లగేజీ వర్తించదు, బుక్ చేసి బ్రేక్ వ్యానులో వెయ్యాలి. కాసేపే ఆగే స్టేషన్లో నాలుగు సైకిళ్ళు దించుకోవడం, అందులోనూ పిల్లల్ని పట్టుకుని, జరిగే పని కాదు. మడతపెట్టే సైకిళ్ళయితే ఒక్కోటి పన్నెండు, పద్నాలుగు కిలోలు. కారెనక కట్టుకుని రావచ్చు, అప్పుడిక రైలెందుకు?

ఒకప్పుడు మన ప్రతి చిన్న ఊళ్ళోనూ బస్టాండు పక్కన అద్దె సైకిళ్ళ షాపు ఉండేది. మడ్గార్డు మీద తెల్ల పెయింటుతో నెంబరు, గంటకింత అని లెక్క, పిల్లలకి చిన్న సైకిళ్ళు వేరే. పేరు చెప్తే పుస్తకంలో రాసుకుని ఇచ్చేవాడు. దానికి యాప్ లేదు, డిపాజిట్ లేదు, క్యూఆర్ కోడు లేదు. ఇవాళ ఆ షాపులు దాదాపు అంతరించాయి. బదులుగా ఏమొచ్చింది? హైదరాబాదులో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాకు వేశారు, పైన సోలార్ పలకలతో. చూడ్డానికి చాలా బాగుంది, నీడ కూడా ఉంది (మా షీటాయనకి చెప్పాలి). కానీ ఊళ్ళోంచి అక్కడికి పిల్లలతో సైకిలు తొక్కుకుంటూ పోయే దారేదీ? కారుకి సైకిళ్ళు కట్టుకుని, అక్కడిదాకా పోయి, దింపుకుని, తొక్కి, మళ్ళీ కట్టుకుని వస్తున్నారు జనం.

పుట్టపర్తి 2022 నుంచీ జిల్లా కేంద్రం. దేశదేశాల నుంచి మనుషులొస్తారు, విమానాశ్రయం కూడా ఉంది. ఇలాంటి ఊరికి ట్రాకులూ సోలార్ పలకలూ అడగట్లేదు నేను. స్టేషను బయటో, బస్టాండు పక్కనో అద్దెకి ఇరవై సైకిళ్ళు, అందులో ఆరు చిన్నవి, ఒక గాలి పంపు. వంద కోట్ల పథకం కాదు కాబట్టి ఎవరికీ ఆసక్తి ఉండదని తెలుసు. మనలో ఆ వైపు మూలాలున్నవాళ్ళు కొందరు కలిసి ఒక పాత సైకిలు మెకానిక్కుకి పెట్టుబడి పెడితే చాలు. ఈ లోపు ఎవరైనా బయల్దేరుతుంటే రెండు స్పేరు ట్యూబులు మర్చిపోకండి. చిత్రావతి ఒడ్డున పల్లేరుకాయలు కంటికి కనపడవు, ట్యూబుకి కనపడతాయి.