రీస్టార్ట్ కొట్టే ముందు

2025 అక్టోబరు 14న రెండు సంగతులు జరిగాయి. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ ప్రకటించింది. అదే రోజు విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన మామూలు మద్దతు ముగిసింది. మొదటిదాని గురించి అందరూ మాట్లాడుకున్నారు. రెండోది మాత్రం రాజాం, బొబ్బిలి, టెక్కలి, పలాస ఇళ్లలో పిల్లల చదువు కోసం కొన్న పాత సిస్టమ్‌ల మీద చడీచప్పుడు లేకుండా పడింది.

ఈ రెంటినీ కలిపే వస్తువు ఒకటుంది. అది ర్యామ్. ఏఐ కేంద్రాలకు మెమరీ చిప్‌లు గుట్టలుగా కావాలి. లాభం అటే ఎక్కువ కాబట్టి తయారీ కంపెనీలూ అటే మొగ్గాయి. 2025 చివరికి ప్రపంచమంతటా ర్యామ్ ధరలు ఎగబాకాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ సంస్థ, మామూలు కొనుగోలుదారులకు క్రూషియల్ పేరుతో ర్యామ్‌లు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు చెప్పేసింది. విండోస్ 10తో ఆగిపోయిన పాత సిస్టమ్‌ను మార్చాలన్నా, ‘స్లో అయితే ఇంకో ర్యామ్ వేయించుకుందాం’ అనుకున్నా ఇక అంత తేలిక కాదు. అందుకే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మధ్యతరగతి ఇంటికి కొత్త సిస్టమ్ కంటే ముందు కావాల్సింది, ఉన్న నాలుగో ఎనిమిదో జీబీలను తెలిసి వాడుకునే విద్య అని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్న కొడుక్కి ఫోన్ చేస్తే, ‘ఓసారి రీస్టార్ట్ కొట్టు నాన్నా, సరిపోతుంది’ అంటాడు. ఆ పూటకు సరిపోతుంది కూడా. సాయంత్రానికి కథ మళ్లీ మొదటికొస్తుంది. విసిగిపోయి షాపుకు తీసుకెళితే ‘ఫార్మాట్ కొట్టాలి’ అంటారు. దాచుకున్న ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు ఒక్కోసారి అందులోనే పోతాయి. ఇంత జరిగినా అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగరు. మెమరీని ఏ ప్రోగ్రామ్ తింటోంది?

ర్యామ్ కళ్లం లాంటిది, హార్డ్ డిస్క్ గరిసె లాంటిది. పని జరిగేది కళ్లంలో, నిల్వ ఉండేది గరిసెలో. కళ్లం నిండిపోతే కొత్త పనికి చోటుండదు. అప్పుడు విండోస్ ర్యామ్‌లో ఉన్నదాన్ని కొంత డిస్క్ మీద పేజీ ఫైల్ అనే చోట పెట్టి, కావాల్సినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ఈ రాకపోకలే మనకు హ్యాంగ్‌లా కనిపిస్తాయి. ర్యామ్ నుంచి సమాచారం అందడానికి సుమారు సెకనులో కోటో వంతు చాలు. తిరిగే పాత హార్డ్ డిస్క్ అయితే సెకనులో వందో వంతు దాకా తీసుకుంటుంది. తేడా లక్ష రెట్లు. పాత సిస్టమ్‌లో హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే ప్రాణం లేచొచ్చినట్టుండేది ఇందుకే.

ఒక భయం ముందే తీర్చాలి. ర్యామ్ నిండుగా కనబడటమే జబ్బు కాదు. ఖాళీగా ఉన్న ర్యామ్‌లో విండోస్ ఈమధ్య వాడిన ఫైళ్లను ఉంచుకుంటుంది, ఎవరికైనా చోటు కావాలంటే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. ర్యామ్ నిండి ఉండగా, డిస్క్ కూడా నూరు శాతం దగ్గరే ఆగిపోయి, మౌస్ కదలడానికి మొరాయిస్తే అప్పుడు పట్టించుకోవాలి.

పట్టించుకోవడం ఎలాగంటే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో ‘మెమరీ’ అన్న నిలువు వరుస పేరు మీద నొక్కితే ఎక్కువ తింటున్న ప్రోగ్రామ్ పైకొస్తుంది. ఇళ్లలో చాలాసార్లు అది బ్రౌజరే. 2008లో వచ్చిన నాటి నుంచీ క్రోమ్ ట్యాబ్‌లను వేర్వేరు ప్రోగ్రామ్‌లుగా నడుపుతోంది. ఒక ట్యాబ్ చెడినా మిగతావి నిలబడటానికి ఆ ఏర్పాటు. దానికి మూల్యం మెమరీ. నిన్న చూసిన ఈఏపీసెట్ పేజీ, మొన్నటి డీఎస్సీ నోటిఫికేషన్, మధ్యలో ఆపిన రెండు యూట్యూబ్ వీడియోలు, అన్నీ తెరిచే ఉంటే అన్నీ తింటూనే ఉంటాయి. క్రోమ్‌లో ఉండి షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే ఏ ట్యాబ్ ఎంత తింటోందో విడివిడిగా తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో ‘పెర్ఫార్మెన్స్’ కింద మెమరీ సేవర్ ఉంది. వాడని ట్యాబ్‌లను అదే నిద్రపుచ్చుతుంది. అప్లికేషన్ నింపుతున్న సైటును మాత్రం ఎప్పుడూ మేలుకుని ఉండే జాబితాలో చేర్చుకోండి.

కొన్ని ప్రోగ్రామ్‌లు మెమరీ అడిగి తీసుకుంటాయి, పని అయ్యాక తిరిగి ఇవ్వవు. గంటలు గడిచేకొద్దీ వాటి వాటా పెరుగుతూనే ఉంటుంది. ఇలాంటిది కనిపిస్తే పని సేవ్ చేసుకుని ఆ ఒక్క ప్రోగ్రామ్‌నే మూసి తెరవండి. ప్రోగ్రామ్ మూసుకోగానే అది పట్టుకున్న మెమరీని విండోస్ వెనక్కి లాక్కుంటుంది. సిస్టమ్ మొత్తాన్ని ఆపక్కర్లేదు. టాస్క్ మేనేజర్‌లోనే ‘స్టార్టప్’ లేదా ‘స్టార్టప్ యాప్స్’ పేజీకి వెళ్లి, సిస్టమ్ ఆన్ కాగానే పిలవకుండా వచ్చి కూర్చునేవాటిని డిసేబుల్ చేయండి. యాంటీవైరస్‌నూ టచ్‌ప్యాడ్, సౌండ్ వాటినీ కదపకండి. నాలుగు జీబీల సిస్టమ్‌కు ఈ ఒక్క పనితోనే ఊపిరి ఆడుతుంది.

మరో సంగతి చాలామందికి తెలియదు. రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేస్తే అంతా కొత్తగా మొదలైందనుకుంటాం. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల అలా జరగదు. షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ తన లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచుకుని, మర్నాడు అదే తెచ్చుకుంటుంది. డ్రైవర్ల దగ్గర చిక్కు ఉంటే అదీ వెంట వస్తుంది. పూర్తిగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్‌తోనే. కాబట్టి రీస్టార్ట్‌కు నేను వ్యతిరేకిని కాను. అప్‌డేట్ పడినప్పుడు, ఏ ప్రోగ్రామ్ పేరూ పైన కనబడకుండానే మెమరీ నిండిపోయినప్పుడు అది సరైన మందే. రోజుకు మూడుసార్లు వేసుకోవాల్సి వస్తుంటే మాత్రం జబ్బు వేరే ఉందని అర్థం.

‘ఒక్క క్లిక్‌తో ర్యామ్ శుభ్రం’ అనే ప్రోగ్రామ్‌ల జోలికి పోకండి. నడుస్తున్న ప్రోగ్రామ్‌ల మెమరీని అవి బలవంతంగా బయటికి నెడతాయి. తెరమీద ఖాళీ అంకె పెద్దదై కనిపిస్తుంది. మరుక్షణం మీరు వర్డ్‌లోకి వెళితే అదంతా డిస్క్ నుంచి తిరిగి రావాలి. అంటే, ఉన్న నెమ్మదిని ఇంకాస్త పెంచుకోవడమే.

మన జిల్లాల్లో కరెంటు సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మనకేం చేశాయో మరిచిపోలేం. తుపాను లేని రోజుల్లోనూ గాలివానకు కరెంటు పోతుంది. ర్యామ్‌లో ఉన్నది కరెంటుతోనే పోతుంది. స్లీప్‌లో పెట్టిన డెస్క్‌టాప్‌కు కరెంటు పోతే సేవ్ చేయని పని దక్కకపోవచ్చు. హైబర్నేట్ అయితే మొత్తాన్ని డిస్క్ మీద రాసి, ఆ తర్వాతే ఆగుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో దాన్ని మెనూలోకి తెచ్చుకోవచ్చు. తెరిచిన పని పోతుందన్న భయంతో రాత్రంతా సిస్టమ్ ఆన్‌లో ఉంచే ఇళ్లకు ఇది తగిన మార్గం.

ఇన్ని చేశాక కూడా చాలకపోతే ర్యామ్ వేయించండి. ముందు సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ చూడండి. అక్కడ 32-బిట్ విండోస్ అని ఉంటే ఎనిమిది జీబీలు పెట్టినా మామూలుగా నాలుగుకు మించి వాడుకోదు, డబ్బు దండగ. డీడీఆర్3 రకం ర్యామ్ స్లాటులో డీడీఆర్4 రకం కూర్చోదు, అదీ కనుక్కుని కొనండి. విండోస్ 11కు నాలుగు జీబీల ర్యామ్‌తో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. చాలా పాత సిస్టమ్‌లు అక్కడే ఆగిపోతాయి. అలాంటివాటికి విండోస్ 10 భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు పొందే పథకం ఉంది, నమోదు చేసుకోవాలి. ఆ తర్వాతకు లుబుంటు వంటి తేలికపాటి లైనక్స్ ఉంది. బ్రౌజర్‌లో చదువుకుని, ఫారాలు నింపుకునే ఇంటికి అది సరిపోతుంది.

ఎచ్చెర్ల మండలంలో ట్రిపుల్ ఐటీ ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదివే ప్రతి విద్యార్థీ సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక గంట ఇంట్లో సిస్టమ్ ముందు అమ్మానాన్నలను కూర్చోబెట్టి టాస్క్ మేనేజర్ చదవడం నేర్పితే, ఫోన్‌లో వందసార్లు ‘రీస్టార్ట్ కొట్టు’ అనాల్సిన పని ఉండదు. బాగుచేసే షాపులవాళ్లకూ నాదొక విన్నపం. ఫార్మాట్ అనే ముందు తెర మీద టాస్క్ మేనేజర్ తెరిచి, మెమరీ ఎటు పోతోందో సిస్టమ్ తెచ్చినవాళ్లకు చూపించండి. పనికి డబ్బు తీసుకోండి, కారణం చెప్పి తీసుకోండి. కారణం తెలిసిన మనిషి తన వస్తువును మరో మూడు నాలుగేళ్లు నడుపుకోగలడు.