బీరువాలో పడుకున్న ట్యాబ్‌లు



పోయిన మీటింగులో మన ఆదివారం తెలుగు క్లాసుకి పది ట్యాబ్‌లు కొందామన్న మాట వచ్చింది. అప్పుడు ఊరుకున్నాను. ఇంటికొచ్చి బీరువా తెరిస్తే పట్టుచీరల కింద మా ట్యాబ్ కనబడింది, ఛార్జింగ్ అయిపోయి. మీ ఇళ్ళల్లోనూ ఇదే కథ కాదూ?

2010లో ఐప్యాడ్ వచ్చినప్పుడు ఇక కంప్యూటర్ల పని అయిపోయిందన్నారు. మరుసటి ఏడాది కేంద్రం విద్యార్థుల కోసమని చవక 'ఆకాశ్' ట్యాబ్ విడుదల చేసింది. కొన్నేళ్ళకే దాని ఊసు లేకుండా పోయింది. 2014 దాటాక ప్రపంచమంతటా ట్యాబ్ అమ్మకాలు తగ్గుతూ వచ్చాయి. ఇందులో రహస్యమేం లేదు. ఫోన్లు పెద్దవయ్యాయి, సినిమా అందులోనే చూసేస్తున్నాం. లెక్కలు, లెటర్లు టైపు చెయ్యాలంటే ల్యాప్‌టాపే కావాలి, మన ఎస్టేట్‌లో పనిచేసే ఎవరినైనా అడగండి. పైగా ట్యాబ్ ఇల్లు కదలదు, తొందరగా పాడవదు, కొత్తది కొనే పనే రాదు. కరోనాలో ఆన్‌లైన్ క్లాసులకని మళ్ళీ కొన్నాం. బడులు తెరిచారు, అది బీరువా ఎక్కింది.

ఆంధ్రాలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి బైజూస్ పాఠాలతో లక్షల ట్యాబ్‌లు పంచారు. రెండేళ్ళు తిరక్కుండానే ఆ బైజూసే దివాలా కేసులో పడింది.

మన పిల్లల సంగతి వేరు. 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి. తెలుగు రాసేది వారానికి ఆ ఒక్క గంటే. తమిళంలో 'క' ఒక్కటే కాబట్టి మనవాళ్ళు క, ఖ, గ, ఘ నాలుగూ కలిపేస్తారు. అది పోవాలంటే చేత్తో పదిసార్లు దిద్దాలి. గాజు మీద వేలితో గీస్తే చెయ్యి తిరగదు. రూళ్ళ పుస్తకాలు, పెన్సిళ్ళు కొనండి, ఆ డబ్బులో పదో వంతు కూడా అవదు.

అలాగని ట్యాబ్ దండగ అనను. మా వీధికి తెలుగు పేపరు రావడం మానేసింది. ఫోన్‌లో ఈ-పేపరు చదవాలంటే మా అత్తగారు ఒక్కో లైనూ సాగదీసుకోవాలి. మొన్న బీరువాలోది తీసి ఛార్జింగ్ పెట్టి ఇచ్చాను. ముందు శ్రద్ధాంజలి ప్రకటనలు, ఆ తర్వాత రాశిఫలాలు, అప్పుడు వార్తలు!

మన పెద్దవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారు? కాబట్టి కొత్తవి కొనొద్దు. ఖాళీగా ఉన్నవి వచ్చే ఆదివారం తీసుకురండి, పనిచేసేవి చూసి వాళ్ళకిద్దాం. ఫోటోలు, బ్యాంకు యాప్‌లు తీసేసి తెండి. బ్యాటరీ ఉబ్బినది మాత్రం ఛార్జింగ్ పెట్టొద్దు.

మాది అడక్కండి, అత్తగారు వదలట్లేదు.